అసౌష్ఠవ హైడ్రోజనీకరణం, ఐదో పాఠం: హైడ్రోజన్ ఏ వైపు నుంచి చేరింది?

నాలుగో పాఠం చివర ఇచ్చిన మూడు అభ్యాసాలలో మొదటి రెండింటికి దాదాపు అందరూ సరైన సమాధానాలే రాశారు. మూడోదాని దగ్గర మాత్రం ఎక్కువమంది ఒకే చోట, ఒకే తీరుగా జారిపడ్డారు. ఈ పాఠంలో సాధారణ కీటోన్ల విషయం, అంటే రుథీనియానికి బైనాప్‌తో (రెండు ఫాస్ఫరస్‌లతో లోహాన్ని పట్టుకునే లైగాండ్, అంటే లోహానికి తగిలి ఉండే అణువు) పాటు ఒక డైఅమీన్‌ను కూడా జోడించి జపాన్ రసాయన శాస్త్రవేత్త నోయోరి 1995లో ప్రకటించిన పద్ధతి మొదలుపెట్టాలని అనుకున్నాను. వచ్చిన సమాధానాలు చదివాక దానిని ఆరో పాఠానికి జరపక తప్పలేదు. ఆ పద్ధతిలో ముఖాల లెక్క ఇంతకంటే చిక్కుగా ఉంటుంది కాబట్టి, ఇక్కడి పొరపాటును ఇక్కడే సరిచేసుకోవాలి.

ఆర్, ఎస్ అనేవి ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు రూపాల పేర్లు, ఇ.ఇ. అంటే ఆ రెండు రూపాల శాతాల మధ్య తేడా అని గుర్తుంచుకోండి. ఆ మూడో ప్రశ్న ఇది. ఆర్-బైనాప్ ఉన్న రుథీనియం ఉత్ప్రేరకంతో మిథైల్ అసిటోఅసిటేట్‌ను హైడ్రోజనీకరిస్తే ఆర్ రూపంలోని మిథైల్ 3-హైడ్రాక్సీబ్యూటనోయేట్ 99 శాతానికి పైగా ఇ.ఇ.తో వస్తుంది. అదే ఉత్ప్రేరకంతో ఇథైల్ 4-క్లోరోఅసిటోఅసిటేట్‌ను హైడ్రోజనీకరిస్తే ఏ రూపం వస్తుంది? వచ్చిన సమాధానాలలో అత్యధికం "ఆర్" అని ఉన్నాయి. "ఎస్" అని రాసిన కొద్దిమందిలోనూ సగానికి పైగా చెప్పిన కారణం, క్లోరిన్ వల్ల అణువు ఉత్ప్రేరకంలో తిరగబడి కూర్చుంటుందని. మొదటి బృందానికి సమాధానమే తప్పింది. రెండో బృందానికి అక్షరం కుదిరింది గాని, రసాయన శాస్త్రం పూర్తిగా తప్పింది. రెంటిలో రెండోదే ఎక్కువ ప్రమాదకరమని నా అభిప్రాయం.

సరైన సమాధానం ఎస్. అణువు ఎక్కడా తిరగబడలేదు. హైడ్రోజన్ రెండు సందర్భాలలోనూ ఒకే వైపు నుంచి చేరింది. మారినది కాన్–ఇంగోల్డ్–ప్రెలోగ్ నియమాల ప్రకారం మనం సమూహాలకు ఇచ్చే వరుస మాత్రమే. ఆ నియమాలను రెండో పాఠంలో చెప్పాను కాబట్టి మళ్లీ మొదటి నుంచి వివరించను. సారాంశం మాత్రం ఇది: కేంద్రానికి తగిలిన పరమాణువులలో పరమాణు సంఖ్య పెద్దదైనదే ముందు, సమానమైతే ఒక మెట్టు అవతల చూస్తాం; చివరి సమూహం వెనక ఉండగా మిగిలిన మూడు వరుసగా సవ్యదిశలో వస్తే ఆర్, అపసవ్యదిశలో వస్తే ఎస్.

బొమ్మ గీసే పద్ధతిని ముందుగా స్థిరపరచుకుందాం. నేను బీటా-కీటో ఎస్టర్లను ఎప్పుడూ ఒకే తీరుగా గీస్తాను. కార్బొనిల్ కార్బన్ కాగితం మధ్యలో, దాని ఆక్సిజన్ పైన, ఎస్టర్ ఉన్న గొలుసు కుడివైపు, మిగిలిన సమూహం ఎడమవైపు ఉంటాయి. ఇలా గీస్తే కార్బొనిల్ చుట్టూ ఉన్న తలం కాగితం తలమే అవుతుంది కాబట్టి, అణువుకు రెండు ముఖాలే మిగులుతాయి: మన వైపు ఉన్నది ఒకటి, కాగితం వెనక ఉన్నది ఒకటి. ఇతరులు వేరే విధంగా గీయవచ్చు, అందులో తప్పేమీ లేదు. అయితే ఒక పాఠంలో రెండు రకాలుగా గీసినవారి సమాధానాలను దిద్దడం నావల్ల కాదని మనవి.

ఇప్పుడు మిథైల్ అసిటోఅసిటేట్‌ను తీసుకుందాం. ఆర్-బైనాప్ రుథీనియం హైడ్రోజన్‌ను కాగితం వెనక నుంచి అందిస్తుంది. ఉత్పన్నంలో హైడ్రోజన్ వెనక ఉంది, హైడ్రాక్సిల్ పైన ఉంది, ఎస్టర్ గొలుసు కుడివైపు, మిథైల్ ఎడమవైపు ఉన్నాయి. ప్రాధాన్య క్రమం హైడ్రాక్సిల్, ఎస్టర్ గొలుసు, మిథైల్. పై నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు చేతిని తిప్పి చూడండి, అది సవ్యదిశ. హైడ్రోజన్ వెనకే ఉంది కాబట్టి చదివినది చదివినట్టే నిలుస్తుంది, ఇది ఆర్.

ఆ బొమ్మలోనే మిథైల్ బదులు క్లోరోమిథైల్ పెట్టండి. హైడ్రోజన్ ఈసారి కూడా వెనక నుంచే వచ్చింది. ఎస్టర్ గొలుసులోని మొదటి కార్బన్‌కు తగిలి ఉన్నవి ఒక కార్బన్, రెండు హైడ్రోజన్‌లు. క్లోరోమిథైల్ కార్బన్‌కు తగిలి ఉన్నవి ఒక క్లోరిన్, రెండు హైడ్రోజన్‌లు. క్లోరిన్ పరమాణు సంఖ్య 17, కార్బన్‌ది 6. అందుచేత ప్రాధాన్య క్రమం హైడ్రాక్సిల్, క్లోరోమిథైల్, ఎస్టర్ గొలుసు అయింది. పై నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి తిప్పితే అపసవ్యదిశ వస్తుంది, కాబట్టి ఎస్.

నోయోరి బృందం 1987లో బీటా-కీటో ఎస్టర్ల ఫలితాలను ప్రకటించినప్పుడు ఎడమవైపు సమూహాలను మార్చి మార్చి పరీక్షించారు. ఆర్-బైనాప్‌తో మిథైల్, ఇథైల్, బ్యూటైల్ సమూహాలున్న ఎస్టర్లన్నీ ఆర్ ఆల్కహాల్‌నే ఇచ్చాయి. ఐసోప్రొపైల్ ఉన్నది మాత్రం ఎస్ ఇచ్చింది. ఆ ఎడమవైపు సమూహంలో క్లోరిన్ లేదు, రుథీనియాన్ని పట్టుకోగల పరమాణువు మరేదీ లేదు. అయినా అక్షరం మారింది. క్లోరిన్ అణువును తిప్పేస్తుందని రాసినవారు ఈ ఐసోప్రొపైల్ ఫలితానికి ఏ కారణం చెబుతారో ఆలోచించాలి. నిజమైన కారణం చిన్నది: ఐసోప్రొపైల్‌లోని మొదటి కార్బన్‌కు రెండు కార్బన్‌లు, ఒక హైడ్రోజన్ ఉన్నాయి, ఎస్టర్ గొలుసులోని మొదటి కార్బన్‌కు ఒకే కార్బన్, రెండు హైడ్రోజన్‌లు ఉన్నాయి. తేడా మొదటి మెట్టులోనే బయటపడింది కాబట్టి, ఎస్టర్‌లో ఇంకొక మెట్టు అవతల ఎన్ని ఆక్సిజన్‌లున్నా అవి లెక్కలోకి రావు. ఎస్టర్‌లో ఆక్సిజన్‌లు ఉన్నాయి గనుక దానిదే పెద్దరికమని రాసినవారు ఈ వాక్యాన్ని మరోసారి చదవాలి. ఇథైల్, బ్యూటైల్ విషయంలో మొదటి మెట్టు సమానమై రెండో మెట్టుకు వెళ్లాల్సి వస్తుంది, అక్కడ మాత్రం ఆక్సిజన్‌లు గెలుస్తాయి.

రే, సై అనే ముఖాల పేర్లను వాడితే ఈ గందరగోళం ఉండదు కదా అని కొందరు అడిగారు. ఉంటుంది. ఆ పేర్లు కూడా అదే ప్రాధాన్య క్రమం నుంచి పుట్టినవే. మన బొమ్మలో కాగితం వెనక ముఖం మిథైల్ అసిటోఅసిటేట్‌కు సై ముఖం అవుతుంది, క్లోరో ఎస్టర్‌కు రే ముఖం అవుతుంది. కీటోన్‌కు హైడ్రోజన్ చేరే చర్యలలో, కొత్త కేంద్రం మీద హైడ్రోజనే ఎప్పుడూ చివరి స్థానంలో ఉండి, ఆక్సిజన్ మొదటి స్థానంలో ఉంటుంది గనుక, రే ముఖం మీద చేరితే ఎస్, సై ముఖం మీద చేరితే ఆర్ అనే సూత్రం నిలుస్తుంది. ఆ సూత్రం అక్షరాన్ని అక్షరంలోకి మారుస్తుంది, అంతే. ఉత్ప్రేరకం ఏ వైపు నుంచి పని చేసిందన్నది బొమ్మలో మాత్రమే కనిపిస్తుంది.

లైగాండ్ అక్షరానికీ ఉత్పన్నం అక్షరానికీ సంబంధం ఉంటుందన్న నమ్మకం మీద కూడా ఇక్కడే కొంత సమయం గడపాలి. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ విసిగించే పొరపాటు. బైనాప్‌లో కైరల్ కార్బన్, అంటే నాలుగు వేర్వేరు సమూహాలు తగిలి ఉన్న కార్బన్, లేనే లేదు. రెండు నాఫ్తలీన్ భాగాలను కలిపే బంధం చుట్టూ స్వేచ్ఛగా తిరగలేని అక్షమే దాని కైరాలిటీకి మూలం, ఆ అక్షానికి ఇచ్చిన పేరే ఆర్ లేదా ఎస్. ఉత్పన్నంలోని అక్షరం ఒక కార్బన్ చుట్టూ నాలుగు సమూహాల అమరికకు ఇచ్చిన పేరు. ఈ రెండు పేర్లూ ఒకే అక్షరంతో ఉండడానికి ఏ భౌతిక కారణమూ లేదు. ఎస్-బైనాప్ రుథీనియం డైఅసిటేట్ వాడి నాఫ్తలీన్ అక్రిలిక్ ఆమ్లాన్ని హైడ్రోజనీకరిస్తే నొప్పులకు వాడే ఎస్-నాప్రోక్సెన్ 97 శాతం ఇ.ఇ.తో వస్తుంది, ఇక్కడ అక్షరాలు కలిశాయి. సెయింట్ లూయీలోని మొన్‌శాంటో సంస్థలో విలియం నోల్స్ బృందం పార్కిన్సన్ వ్యాధికి వాడే ఎల్-డోపా తయారీకి వాడిన డైపాంప్ లైగాండ్ ఆర్,ఆర్ రూపం, దానితో వచ్చే అమైనో ఆమ్లం ఎస్. తర్వాతి పాఠంలో చూడబోయే ఎస్-జైలిల్‌బైనాప్, ఎస్-డైపెన్ (ఒక డైఅమీన్) జంట అసిటోఫినోన్ నుంచి ఆర్ ఆల్కహాల్‌ను ఇస్తుంది. ఒక చోట కలిసినవి మరో చోట ఎందుకు కలవలేదని అడగడంలో అర్థం లేదు.

కాంతి భ్రమణ చిహ్నాల సంగతీ ఇంతే. ఎస్-నాప్రోక్సెన్ ఆమ్లంగా ఉన్నప్పుడు ధన భ్రమణం చూపుతుంది, దాని సోడియం లవణం రుణ భ్రమణం చూపుతుంది. క్షారం కలిపినంత మాత్రాన కైరల్ కార్బన్ దగ్గర ఏ బంధమూ తెగలేదు. అందుకే ప్లస్, మైనస్ గుర్తులను కొలత ఫలితంగా మాత్రమే నమోదు చేసుకోవాలి, వాటి నుంచి అమరికను ఊహించకూడదు.

ఉత్పన్నం తయారైన తర్వాత కూడా ఈ అక్షరాలు మన చేతి కింద మారుతూ ఉంటాయి. కార్నిటిన్ ఉదాహరణ తీసుకుందాం. శరీరానికి కావలసినది ఆర్-కార్నిటిన్. దానిని పొందడానికి నోయోరి బృందం 1988లో ఎస్-బైనాప్ ఉత్ప్రేరకంతో 4-క్లోరోఅసిటోఅసిటేట్‌ను హైడ్రోజనీకరించి ఆర్ రూపంలోని క్లోరోహైడ్రాక్సీ ఎస్టర్‌ను చేసింది. ఆ క్లోరిన్ స్థానంలో ట్రైమిథైల్అమీన్ చేరితే, నైట్రోజన్ ఉన్న సమూహం కూడా ఎస్టర్ గొలుసు కంటే ముందే ఉంటుంది కాబట్టి ఆర్ అన్న అక్షరం ఆర్‌గానే నిలిచింది. ఇక కొలెస్ట్రాల్ తగ్గించే మందు అటార్వాస్టాటిన్ పక్క గొలుసు సంగతి చూడండి. హైదరాబాదు చుట్టుపక్కల బల్క్ డ్రగ్ పరిశ్రమలలో పనిచేసేవారికి ఈ పేరు కొత్త కాదు. అందులో ఎస్ రూపంలోని అదే క్లోరోహైడ్రాక్సీ ఎస్టర్‌లో క్లోరిన్ స్థానంలో సయనైడ్‌ను చేరుస్తారు. వచ్చేది ఆర్ రూపంలోని ఇథైల్ 4-సయనో-3-హైడ్రాక్సీబ్యూటిరేట్. హైడ్రాక్సిల్ ఉన్న కార్బన్ చుట్టూ అమరిక ఏమీ మారలేదు. క్లోరోమిథైల్ ఎస్టర్ గొలుసు కంటే పైన ఉండేది, సయనోమిథైల్ దాని కంటే కింద ఉంటుంది. సయనైడ్ కార్బన్‌కు మూడు నైట్రోజన్‌లుగా, ఎస్టర్ కార్బన్‌కు మూడు ఆక్సిజన్‌లుగా లెక్కకు వస్తాయి, ఆక్సిజన్ గెలుస్తుంది. ఇది తెలియని వారు ఆ మెట్టులో అమరిక తారుమారైందని భావించి, లేని చర్యా విధానం ఒకటి ఊహించి రాసిన నివేదికలను నేను చూశాను.

అయితే క్లోరిన్ ఏమీ చేయదని కూడా అనుకోకూడదు. అది రుథీనియాన్ని తానూ పట్టుకోగలదు కాబట్టి, ఎస్టర్ ఆక్సిజన్‌తో పోటీ పడుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర ఈ పోటీ వల్ల ఇ.ఇ. బాగా తగ్గుతుంది. చర్యను 100 డిగ్రీల సెంటిగ్రేడ్ దగ్గర నడిపితే కొద్ది నిమిషాలలోనే పూర్తయి ఇ.ఇ. 97 శాతానికి చేరుతుంది. వేడి పెంచితే ఎంపిక ఎప్పుడూ చెడుతుందన్న అభిప్రాయానికి ఇదొక మంచి సమాధానం. మన ప్రశ్నకు సంబంధించినంతవరకు గుర్తుంచుకోవలసింది ఒక్కటే: క్లోరిన్ వల్ల ఎంపిక స్వచ్ఛత మారుతుంది, ప్రధానంగా పనిచేసే ముఖం మారదు.

ఆ ముఖమే ఎందుకన్నది క్లుప్తంగా చెబుతాను. రుథీనియం కీటోన్ ఆక్సిజన్‌నూ ఎస్టర్ ఆక్సిజన్‌నూ రెండింటినీ ఒకేసారి పట్టుకుంటుంది. బైనాప్‌లోని రెండు ఫాస్ఫరస్‌లు రుథీనియంతో కలిసి ఏర్పరచే ఏడు పరమాణువుల వలయం ఒక పక్కకు మెలితిరిగి ఉంటుంది. దాని ఫలితంగా ఫాస్ఫరస్ మీది నాలుగు ఫినైల్ వలయాలలో రెండు లోహం ముందుకు పొడుచుకు వస్తాయి, రెండు వెనక్కి తగ్గుతాయి. లోహం ముందున్న జాగాను నాలుగు గదులుగా ఊహిస్తే, ఎదురెదురు మూలల్లో రెండు గదులు నిండి, రెండు ఖాళీగా ఉంటాయి. కీటో ఎస్టర్ ఖాళీ గదుల్లో ఇమిడేలా కూర్చున్నప్పుడు లోహం వైపు తిరిగిన ముఖమే హైడ్రోజన్‌ను అందుకుంటుంది. ఆర్-బైనాప్ స్థానంలో ఎస్-బైనాప్ పెడితే నిండిన మూలలు, ఖాళీ మూలలు మారిపోతాయి, కాబట్టి ముఖమూ మారుతుంది. రెండు ఆక్సిజన్‌ల పట్టు లేని అసిటోఫినోన్ లాంటి కీటోన్‌కు ఈ ఉత్ప్రేరకం ఎందుకు పనికిరాలేదో, డైఅమీన్ ఎందుకు అవసరమైందో కూడా ఇక్కడి నుంచే అర్థమవుతుంది. బీటా-కీటో ఎస్టర్లకు రుథీనియం మీద హాలోజన్ ఉన్న సంశ్లిష్టాలే పనికొస్తాయి, నాప్రోక్సెన్ లాంటి ద్విబంధాలకు వాడే డైఅసిటేట్ వీటి మీద పనిచేయదు. ప్రయోగశాలలో ఈ రెండు సీసాలను మార్చి వాడి, చర్య జరగలేదని వాపోయేవారు ఉంటారు.

రెండో అభ్యాసంలో ఇ.ఇ. నుంచి శక్తి తేడాను లెక్కించమన్నాను. అందరూ సరిగానే చేశారు గాని, చాలామంది ప్రతిసారీ లాగరిథమ్ పట్టికలు తెరిచారు. నేను ఇ.ఇ.ని వెంటనే నిష్పత్తిలోకి మార్చేస్తాను, ఆ తర్వాతే ఆలోచిస్తాను. 25 డిగ్రీల దగ్గర నిష్పత్తి పది రెట్లు పెరగడానికి 5.7 కిలోజౌళ్లు కావాలి. 10:1 నిష్పత్తి అంటే దాదాపు 82 శాతం ఇ.ఇ., 100:1 అంటే 98 శాతం, 1000:1 అంటే 99.8 శాతం. మొదటి 5.7 కిలోజౌళ్లు సున్నా నుంచి 82 దాకా తీసుకెళ్తే, అంతే విలువైన రెండో భాగం 16 శాతం మాత్రమే పెంచుతుంది. 95 శాతం అంటే నిష్పత్తి 39, శక్తి తేడా దాదాపు 9.1 కిలోజౌళ్లు. ఒక మామూలు హైడ్రోజన్ బంధం బలం కంటే ఇది పెద్దదేమీ కాదు. అందుకే కొత్త లైగాండ్ ఎంపికను ముందుగా లెక్కగట్టి చెప్పడం ఇప్పటికీ కష్టమే.

80 శాతం ఇ.ఇ.ని చులకన చేసినవారికి ఒక్క ఉదాహరణ చాలు. మెటోలాక్లోర్ అనే కలుపు మందును సీబా-గైగీ సంస్థలో ఇరిడియం, జోసిఫాస్ కుటుంబానికి చెందిన లైగాండ్ కలయికతో ఒక ఇమీన్‌ను హైడ్రోజనీకరించి తయారు చేసే పద్ధతి 1996లో ఉత్పత్తిలోకి వచ్చింది. అందులో ఇ.ఇ. దాదాపు 80 శాతమే. ఒక్కో ఉత్ప్రేరక అణువు ఇరవై లక్షల దాకా ఇమీన్ అణువులను మారుస్తుంది. పొలంలో చల్లే మందుకు ఆ స్వచ్ఛత సరిపోయింది, ధరను నిర్ణయించినది ఉత్ప్రేరకం ఖర్చు. మనిషి మింగే మందు అయితే లెక్క వేరే ఉండేది.

ఇక రెండో పెద్ద అపార్థం. ఇది ఒక పాఠకుడి ప్రశ్నతో మొదలైంది. ఉత్ప్రేరకం, పదార్థం కలిసిన సంశ్లిష్టాన్ని స్ఫటికంగా వేరుచేసి ఎక్స్-కిరణాలతో చూస్తే ఏ ముఖం లోహం వైపు ఉందో తెలిసిపోతుంది కదా, ఇన్ని బొమ్మలు దేనికని ఆయన అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. షికాగో విశ్వవిద్యాలయంలో జాక్ హాల్పెర్న్ సరిగ్గా ఆ పనే చేశారు. ఎల్-డోపా తయారీలో వచ్చే మధ్యస్థ పదార్థాన్ని పోలిన ఇథైల్ అసిటమిడోసిన్నమేట్‌ను, కైరాఫాస్ లైగాండ్ ఉన్న రోడియంతో కలిపి పరిశీలించారు. ద్రావణంలో దాదాపు ఒక్క డయాస్టీరియోమరే (పదార్థం ఒక ముఖంతో లోహాన్ని పట్టుకున్న రూపం; రెండో ముఖంతో పట్టుకున్నది రెండో డయాస్టీరియోమర్) కనిపించింది, స్ఫటికంలోనూ అదే దొరికింది. దానిలో లోహం వైపు ఉన్న ముఖం మీద హైడ్రోజన్ చేరితే ఎస్ ఉత్పన్నం రావాలి. ప్రయోగంలో 95 శాతానికి పైగా ఇ.ఇ.తో వచ్చినది ఆర్.

కనిపించిన సంశ్లిష్టం చర్యలో పాల్గొనేదాని కంటే స్థిరమైనది, కాని మందకొడిది. కనపడీ కనపడనంత తక్కువ మొత్తంలో ఉన్న రెండో డయాస్టీరియోమర్ హైడ్రోజన్‌తో కొన్ని వందల రెట్లు వేగంగా చర్య జరుపుతుంది. అది ఖర్చవుతున్న కొద్దీ మొదటిది విడిపోయి మళ్లీ ఏర్పడుతూ ఆ లోటును పూడుస్తుంది. అంకెలతో చూద్దాం, ఇవి నేను ఉదాహరణ కోసం ఎంచుకున్నవి. పెద్ద వాటా 95, చిన్న వాటా 5, చిన్న వాటా వేగం 400 రెట్లు అనుకోండి. ఉత్పన్నాల నిష్పత్తి 95కు 2000 అవుతుంది, అంటే చిన్న వాటా నుంచి వచ్చే రూపం 91 శాతం ఇ.ఇ.తో గెలుస్తుంది. కళ్లెదుట 95 శాతం ఉన్న సంశ్లిష్టం ఉత్పన్నంలో 4.5 శాతానికే కారణమైంది.

ఈ లెక్క నిలవాలంటే ఒక షరతు ఉంది: రెండు సంశ్లిష్టాలు హైడ్రోజన్‌ను అందుకోవడం కంటే వేగంగా ఒకదాని నుంచి మరొకటి మారుతూ ఉండాలి. హైడ్రోజన్ పీడనం పెంచితే ఆ తీరిక తగ్గుతుంది. పెద్ద వాటా మారే లోపే హైడ్రోజన్ దానిని పట్టుకుంటుంది, ఇ.ఇ. పడిపోతుంది. ఉష్ణోగ్రతను తగ్గించినా ఆ మార్పిడి నెమ్మదించి అదే జరగవచ్చు. పీడనం పెంచినప్పుడు ఇ.ఇ. పడిపోయిందని రాసిన నలుగురైదుగురు ఉత్ప్రేరకం చెడిపోయిందని అనుమానించారు. రోడియంతో, ఈ రకం ఎనమైడ్లతో (ద్విబంధానికి అమైడ్ తగిలి ఉన్న పదార్థాలతో) పనిచేసేటప్పుడు నేను మొదట అనుమానించేది పీడనాన్నే. ఉత్ప్రేరకాన్ని మార్చే ముందు పీడనం తగ్గించి ఒకసారి నడిపి చూడటం చౌక. అయితే ఈ నియమాన్ని అన్ని లోహాలకూ, అన్ని పదార్థాలకూ రుద్దవద్దు. రుథీనియంతో నాప్రోక్సెన్‌ను 97 శాతం ఇ.ఇ.తో చేసినప్పుడు పీడనం 135 అట్మాస్ఫియర్లు.

ఎల్-డోపా మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. మన చేల గట్ల మీద పెరిగే దూలగొండి గింజల్లో ఈ పదార్థం సహజంగా ఉంటుంది, ముట్టుకుంటే దురద పుట్టించే ఆ కాయలు చాలామందికి తెలిసినవే. ఆ మొక్క ఎస్ రూపాన్ని మాత్రమే తయారు చేస్తుంది. నోల్స్ పద్ధతి డైపాంప్‌తో 95 శాతం ఇ.ఇ. వరకు వచ్చి, మిగతా స్వచ్ఛతను స్ఫటికీకరణకు వదిలేసింది. ఆ పద్ధతిలో ద్విబంధం జెడ్ అమరికలో (ప్రాధాన్యం ఎక్కువ ఉన్న రెండు సమూహాలు ఒకే పక్కన; ఎదురు పక్కల ఉంటే ఇ అమరిక) ఉండటం ముఖ్యం. ఈ అమరికతో పదార్థాన్ని తయారు చేయడం వనిలిన్ నుంచి సులభం గనుక, నోల్స్‌కు ఆ భాగంలో పెద్ద ఇబ్బంది రాలేదు. ఇ అమరిక కలిసిన పదార్థాన్ని వాడితే ఏమవుతుందో ఏడో పాఠంలో చూద్దాం.

అభ్యాసాలు ఈసారీ మూడే, కాని చివరిది కఠినంగా ఉంటుంది. మొదటిది. ఎస్-బైనాప్ రుథీనియం ఉత్ప్రేరకంతో మిథైల్ 5-మిథైల్-3-ఆక్సోహెక్సనోయేట్, ఇథైల్ 4-బెంజైలాక్సీఅసిటోఅసిటేట్, ఇథైల్ బెంజాయిల్అసిటేట్ మూడింటినీ హైడ్రోజనీకరించారని, మూడింటిలోనూ హైడ్రోజన్ మన బొమ్మ ప్రకారం ఒకే వైపు నుంచి చేరిందని అనుకోండి. ఆ వైపు ఏదో ముందు నిర్ణయించి, ఆ తర్వాతే అక్షరాలు రాయండి. అక్షరం మాత్రమే రాసి బొమ్మ గీయని సమాధానాన్ని దిద్దను.

రెండోది. ఆర్ రూపంలోని ఇథైల్ 4-క్లోరో-3-హైడ్రాక్సీబ్యూటిరేట్‌లో క్లోరిన్‌ను తీసివేసి హైడ్రోజన్‌ను పెడితే వచ్చే ఎస్టర్ అక్షరం ఏది? అదే ఎస్టర్‌ను నేరుగా అసిటోఅసిటేట్ నుంచి చేయాలంటే ఏ బైనాప్ వాడాలి? రెండు సమాధానాలూ ఒకదానితో ఒకటి పొసగాలి. పొసగకపోతే తప్పు ఎక్కడుందో మీరే కనుక్కోవాలి.

మూడోది. ఒక రోడియం ఉత్ప్రేరకం దగ్గర రెండు డయాస్టీరియోమర్ల నిష్పత్తి 90కి 10, చిన్న వాటా వేగం 200 రెట్లు. రెండూ వేగంగా మారుతూ ఉన్నప్పుడు ఇ.ఇ. లెక్కించండి. తర్వాత, అదనపు పదార్థమేమీ లేకుండా, సమతాస్థితికి చేరిన ఆ సంశ్లిష్టాల మీదికి హైడ్రోజన్‌ను అవి మారడానికి వ్యవధి లేనంత వేగంగా పంపితే ఏ రూపం, ఎంత ఇ.ఇ.తో వస్తుందో చెప్పండి. చివరగా, ఈ రెండు హద్దుల మధ్య ఉత్పన్నం రెండు రూపాలూ సమానంగా ఉండే పీడనం ఒకటి తప్పక ఉంటుందని రుజువు చేయండి. మార్పిడి వేగం ఎంతో ఇవ్వలేదని ఆగిపోకండి, దానిని ఒక అక్షరంగా ఉంచి సమీకరణాలు రాస్తే చాలు.